మెడ మీది మురికి

కొన్నాళ్ల క్రితం స్త్రీల శరీరమూ సాహిత్యమూ అంశంగా జరిగిన ఓ సదస్సులో, భోజనాల దగ్గర, మా అక్క కూతురి గురించి చెప్తున్నాను. పిల్లకి పదమూడేళ్లు. టెక్సాస్‌లో ఊబకాయం ఉన్న పిల్లల క్లినిక్‌కి వెళ్తోంది, అక్కడ ఓ నర్స్ ప్రాక్టీషనర్ తనని చూస్తోంది అన్నాను. నేనెంతో గౌరవించే ఓ సీనియర్ రచయిత్రి నవ్వి, "బ్యూటీపార్లర్‌కి తెల్లకోటు తొడిగితే అదే కదమ్మా క్లినిక్" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. సిగ్గుపడుతూ చెప్తున్నాను, నేనూ నవ్వాను. ఆరోజు ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మెడ సంగతి. మా పిల్లకి పదో ఏట నుంచీ మెడ చుట్టూ నల్లటి చార ఉండేది. అక్కావాళ్లు సెలవులకి వచ్చినప్పుడల్లా మా అమ్మ దాన్ని పెరట్లో కూచోబెట్టి, సున్నిపిండి పెట్టి మెడ ఎర్రబడేదాకా రుద్దేది. "ఆడపిల్లవి, ఈ మురికేంటే, రేపు నిన్నెవడు చేసుకుంటాడు" అనేది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగేవి. మేమంతా అది మంట వల్ల అనుకున్నాం. ఓసారి ఇక్కడే ఒక డాక్టరుకి చూపించాం. ఆయన నాలుగు నిమిషాల్లో తేల్చేశాడు. పిల్లతో "నోరు కట్టుకో" అన్నాడు, అక్క వైపు తిరిగి "ఏం పెడుతున్నారమ్మా ఇంట్లో?" అన్నాడు. పక్కనే కూచున్న మా బావని మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు.

కిందటేడాది వేసవిలో నేను, అమ్మ అక్క దగ్గరికి వెళ్లినప్పుడు మమ్మల్నీ ఆ క్లినిక్‌కి తీసుకెళ్లింది. అక్కడి కుర్చీలకి చేతులు లేవు. బరువు చూసే యంత్రం వరండాలో అందరి ఎదుటా కాకుండా తలుపు వేసిన గదిలో ఉంది. ఆ నర్స్ ప్రాక్టీషనర్ యాభై దాటిన నల్లజాతి స్త్రీ. మా అక్కతో కాకుండా ముందు పిల్లతో మాట్లాడింది. "ఈరోజు నీ బరువు గురించి మాట్లాడుకోవడం నీకిష్టమేనా?" అని అడిగింది. పదమూడేళ్ల ఆడపిల్లని తన ఒంటి గురించి మాట్లాడడానికి అనుమతి అడిగిన మనిషిని నేనదే మొదటిసారి చూడడం. స్కూల్లో బీపీ ఎక్కువ ఉందన్నారని అక్క చెప్తే, చేతికి పెద్ద పట్టీ తెప్పించి మళ్లీ చూసింది. చిన్న పట్టీ బిగిస్తే అంకె లేనిపోనంత పెరుగుతుందట. ఆ తర్వాత మెడ చూసి, "ఇది మురికి కాదు, నువ్వు శుభ్రంగా లేకపోవడం వల్ల వచ్చింది కాదు. నీ ఒంట్లో ఇన్సులిన్ చాలా కష్టపడుతోందని చర్మం చెప్తోంది. దీన్ని రుద్దకూడదు" అంది.

అక్క తెలుగులో చెప్పింది. పిల్ల అమ్మమ్మ కేసి చూసింది. అమ్మ చేతిసంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

ఇందులో బ్యూటీపార్లర్ ఎక్కడుందో ఆ రచయిత్రి నాకు చెప్పాలి. బరువు కొలతల మీద మన విమర్శ నాకు తెలియనిది కాదు. బీఎంఐ లెక్క కట్టిన కెతలే పందొమ్మిదో శతాబ్దపు బెల్జియన్ గణితశాస్త్రజ్ఞుడు. ఆయన వెతికింది 'సగటు మనిషి'ని, వైద్యం ఆయన పని కాదు. దానికి ఆ పేరు పెట్టింది 1972లో ఏన్సెల్ కీస్. క్లాసులో నేనే పాఠం చెప్తాను దీని మీద. కానీ శరీరం బొమ్మ మాత్రమే కాదు కదా! దాని లోపల కాలేయం ఉంది, కొవ్వు పట్టేది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగేది అదే శరీరంలో. 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చిన స్త్రీలు శరీరాన్ని రాజకీయంగా చూస్తూనే దాని జబ్బుల గురించీ వివరంగా మాట్లాడారు. ఆ రెండో సగాన్ని మనమెప్పుడు వదిలేశాం? మనం సిద్ధాంతం దగ్గర ఆగిపోతే, ఆ పిల్ల మాత్రం సున్నిపిండి దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో సంగతి. 2023 జనవరిలో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. పన్నెండేళ్లు దాటినవాళ్లకి మందులు ఇవ్వొచ్చని, ఊబకాయం తీవ్రంగా ఉంటే పదమూడేళ్ల నుంచీ ఆపరేషన్ విషయం పరిశీలించమని చెప్పింది. అంతకుముందు నెలలోనే అక్కడ పన్నెండేళ్లు దాటిన పిల్లలకి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌కి అనుమతి వచ్చింది. గొడవంతా దీని మీదే జరిగింది. నాకూ భయమే. ఎదిగే పిల్లలు అది ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు, కంపెనీల లాభాలు చిన్నవి కావు. కానీ అవే మార్గదర్శకాల్లో ఇంకో అంకె ఉంది: మూడు నుంచి పన్నెండు నెలల్లో కనీసం 26 గంటలు పిల్లతో, కుటుంబంతో ఎదురెదురుగా కూచుని చేసే పని. దాని గురించి ఎవరూ గొడవపడలేదు. ఎందుకంటే ఆ 26 గంటలు డాక్టరు ఇవ్వడు. నర్సులూ పోషకాహార నిపుణులూ ఇస్తారు, వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. ఇంజెక్షన్ కనిపిస్తుంది, కూచుని వినడం కనిపించదు. వంటింటి శ్రమ కనిపించకపోవడం గురించి ఇన్ని పుస్తకాలు రాసిన మనకి ఈ శ్రమ కనిపించకపోవడమేమిటి?

నర్స్ ప్రాక్టీషనర్ అనే వృత్తి పుట్టిందే పిల్లల కోసం. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి మొదలుపెట్టారు. ఈరోజుకీ టెక్సాస్‌లో ఆమె మందు రాయాలంటే ఒక డాక్టరుతో ఒప్పందం ఉండాలి. మరి మన దగ్గర? ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టింది అత్యవసర చికిత్సకీ, ప్రసూతికీ. తెలంగాణ 2017లో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది, సంతోషం. అంటే కాన్పు చేయించే అధికారం నర్సుకి మెల్లగా దక్కుతోంది. బడికెళ్లే పిల్ల మెడ చూసి మాట్లాడే అధికారం మాత్రం లేదు. ఆమెని మనం 'సిస్టర్' అని పిలిచి, సెలైన్ బాటిల్ మార్చమంటాం.

'ఆకలితో చచ్చే దేశంలో లావు పిల్లల గోలేంటి' అని కూడా ఆ బల్ల దగ్గరే ఎవరో అన్నారు. అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు మన దేశంలో 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అదే సర్వేల్లో ఎదుగుదల లేని పిల్లలు మూడోవంతుకి పైనే. ఈ రెండూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటున్నాయి. అయిదు రూపాయల చిప్స్ పొట్లం దొరకని ఊరు ఉందా? పండు దొరకని ఊళ్లు చాలా ఉన్నాయి.

సాహిత్య విద్యార్థిగా నా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. నేను చదివినంతలో మన కథల్లో బొద్దు పిల్ల నవ్వించడానికే వస్తుంది, పెళ్లిచూపుల్లో కుర్చీ విరగ్గొట్టి వెళ్లిపోతుంది. నేనెప్పుడూ దాని మీద ఒక్క వాక్యం రాయలేదు.

పిల్ల ఇప్పటికీ నెలకోసారి క్లినిక్‌కి వెళ్తోంది. బరువు పెద్దగా తగ్గలేదు. చక్కెర అదుపులోకి వచ్చింది. మెడ మీది చార అలాగే ఉంది. మొన్న ఫోన్లో "పిన్నీ, జుట్టు పైకి కట్టుకుని స్కూలుకెళ్లా" అంది. అమ్మ ఫోన్ లాక్కుని, "మెడకేం రాయకే తల్లీ, ఆ నర్సమ్మ వద్దంది కదా" అంటోంది.