జొహ్రా ఆపా కంగన్లు

రామేశ్వరం పోయొచ్చిన మనోళ్లు ఫోన్ తీసి చూపించేవి దాదాపు అవే ఫోటోలు. పాంబన్ వంతెన, పేయ్‌కరుంబులో కలాం సాబ్ ఖబర్, మసీదు వీధిలో ఆయన ఇల్లు. మేమూ అవే తీసుకున్నాం. కానీ ఆ సఫర్‌లో ఫోటోకి అందని సంగతి ఒకటుంది. ఈ నాలుగు మాటలు దాని గురించే.

సెలవుల్లో గోదావరిఖని నుంచి రెండు ఖాందాన్లం ఒకే బండిలో బయలుదేరాం. హైదరాబాద్, కర్నూలు, బెంగళూరు, మదురై. ఒకవైపే పదమూడు వందల కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్ దాటుతుంటే పిల్లలకు కంచన్‌బాగ్ సంగతి చెప్పాను. 1982లో కలాం సాబ్ అక్కడి డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చారు. పృథ్వీ, అగ్ని ఆ రోజులవే. నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణికి వాడే సరుకుతోనే 300 గ్రాములవి చేయించారు. నాకైతే అగ్ని కన్నా అదే పెద్ద పని.

పేయ్‌కరుంబులో ఖబర్ దగ్గర ఫాతిహా చదివాం. 2017లో ఆ స్మారకం తెరిచినప్పుడు వీణ పట్టుకున్న విగ్రహం, పక్కన భగవద్గీత, తర్వాత ఇంటివాళ్లు తెచ్చి పెట్టిన ఖురాన్, బైబిల్ మీద పెద్ద బహస్ నడిచింది. మన వాళ్లూ గట్టిగానే మాట్లాడారు. మాట్లాడాల్సిందే. కానీ మసీదు వీధి ఇంట్లో పుట్టిన ఇంకో మనిషి గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

ఆమె కలాం సాబ్ అక్క, జొహ్రా. మద్రాసు ఎంఐటీలో సీటు వచ్చింది, చేరడానికి వెయ్యి రూపాయల దాకా కావాలి. పడవలు నడిపే వాలిద్ జైనులాబుద్దీన్ సాబ్ దగ్గర అంత లేదు. జొహ్రా ఆపా తన బంగారు కంగన్లు, గొలుసు గిర్వి పెట్టింది. తన సంపాదనతోనే వాటిని విడిపిస్తానని తమ్ముడు మనసులో ఖసమ్ చేసుకున్నాడు. ఇది ఆయనే తన ఆత్మకథలో రాసుకున్న సంగతి.

షరీఅత్‌లో ఔరత్ సోనా ఔరత్‌దే. మెహర్ ఆమె హక్. జొహ్రా ఆపా తన సొమ్మును తన ఖుషీతో ఇల్మ్ మీద పెట్టింది. మరి మన బొగ్గు బాయిల ఊళ్లలో సోనా ఎటు పోతోంది? అబ్బా ముప్ఫై ఏళ్లు బాయిలో దిగి, రిటైరయ్యాక చేతికొచ్చిన సీఎంపీఎఫ్, గ్రాట్యుటీ తీసి కూతురి జహేజ్‌లో పోస్తాడు. పెళ్లికొడుకుది సింగరేణి నౌకరీ అయితే రేటు వేరే. కొడుకేమో అబ్బా ఎప్పుడు మెడికల్ అన్‌ఫిట్ అవుతాడా, డిపెండెంట్ నౌకరీ ఎప్పుడొస్తుందా అని కూర్చుంటాడు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన బిడ్డ మాత్రం ఇంట్లో కూర్చుని రిష్తాల కోసం ఎదురుచూస్తుంది.

బండిలో ఇదే మాట ఎత్తితే మా బావమరిది అడ్డుపడ్డాడు. "భాయ్, చదువుకి పెడితే రేపు నికాహ్‌కి ఎవరిస్తరు? ఎక్కువ చదివితే రిష్తా కూడ దొరకదు." ఆయన భయం ఝూట్ కాదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి. జహేజ్ అడిగే వాళ్లు ఉన్నంతకాలం ఆ ఒక్కడినే తప్పుపట్టడం జుల్మ్. అందుకే నా మాట ముందు కొడుకులున్న వాళ్లకి. నీ కొడుక్కి బండి, తులాలు అడగకుండా నికాహ్ చెయ్. అప్పుడు ఇంకొకరి ఇంట్లో ఒక బిడ్డ ఫీజుకి సోనా మిగులుతుంది.

మసీదు కమిటీలకూ ఒక గుజారిష్. మినార్‌కి, సున్నానికి, ఏసీలకి జుమా తర్వాత చందా అడుగుతున్నాం, ఇస్తున్నారు కూడా. జూన్‌లో ఒక్క జుమా నర్సింగ్, డిగ్రీ, ఇంజనీరింగ్ ఫీజుల కోసం అడిగి చూడండి. ఆ లిస్టులో ఆడపిల్లల పేర్లు ముందు రాయండి.