దిశను పసిగట్టే బ్లూటూత్ చిప్పులు: ఫీనిక్స్ బే జెట్టీకి ఎంతవరకు మేలు?

పోర్ట్ బ్లెయిర్ నగరం పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి ఫీనిక్స్ బే జెట్టీ మాత్రం ఎప్పటిలాగే దీవుల మధ్య రాకపోకలకు ప్రధాన ద్వారంగా కొనసాగుతోంది. స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లకు వెళ్లే ప్రభుత్వ ఓడలు ఇక్కడి నుంచే బయలుదేరుతాయి. పర్యాటకులతో పాటు, అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ ఓడలే ఆధారం. ఇలాంటి చోట భద్రతకు సంబంధించి తలెత్తే మొదటి ప్రశ్న ఒక్కటే: ఓడలో ఎంతమంది ఉన్నారు?

ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదని 2014 జనవరి 26 నాటి దుర్ఘటన నిరూపించింది. ఆ రోజు పోర్ట్ బ్లెయిర్ సమీపంలో పర్యాటకుల పడవ మునిగి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకున్నట్లు అప్పట్లో వెల్లడైంది. ఈ నేపథ్యంలో, సంకేతం వచ్చే దిశను గుర్తించగల బ్లూటూత్ చిప్పులు పరిశీలించదగినవి.

సాధారణ బ్లూటూత్ పరికరం సంకేతం బలాన్ని బట్టి దూరాన్ని అంచనా వేస్తుంది. మధ్యలో ఒక మనిషి అడ్డు నిలిచినా ఆ అంచనా తప్పుతుంది. 2019 జనవరిలో వెలువడిన బ్లూటూత్ 5.1 ప్రమాణం దీనికి భిన్నమైన మార్గం చూపింది. ట్యాగ్ తన సందేశం చివర, గరిష్ఠంగా 160 మైక్రోసెకన్ల పాటు, మార్పులేని ఒకే స్వరాన్ని ప్రసారం చేస్తుంది. గ్రాహక యంత్రంలోని చిప్ వరుసగా అమర్చిన యాంటెన్నాల మధ్య వేగంగా మారుతూ ఆ తరంగాన్ని నమోదు చేస్తుంది. ఒక్కో యాంటెన్నా వద్ద తరంగం ఏ దశలో ఉందో పోల్చి, అది వచ్చిన కోణాన్ని లెక్కగడుతుంది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. రెండు యాంటెన్నాల మధ్య 6 సెంటీమీటర్ల ఎడం ఉందనుకుందాం. సంకేతం నేరుగా ఎదురుగా కాక 30 డిగ్రీల పక్కగా వస్తే, ఒక యాంటెన్నాను చేరేందుకు 3 సెంటీమీటర్లు అదనంగా ప్రయాణించాలి. అంటే పావు తరంగం తేడా. దిశ తెలియడానికి ఆ తేడాయే ఆధారం. రెండు గ్రాహకాలు చూపిన దిశలు కలిసే చోట ట్యాగ్ ఉన్నట్లు లెక్క. కోణంలో 5 డిగ్రీల పొరపాటు జరిగితే, 20 మీటర్ల దూరంలో స్థానం దాదాపు 1.75 మీటర్లు తప్పుతుంది.

ఓడ ఎక్కే వంతెన వద్ద ఈ మాత్రం కచ్చితత్వం చాలు. టికెట్‌తో పాటు ట్యాగ్ ఇస్తే ఎవరు ఎక్కారో, ఎవరు జెట్టీ మీదే ఉండిపోయారో తెలుస్తుంది. అయితే ఇనుప ఓడలు, నీటి ఉపరితలం సంకేతాన్ని ప్రతిఫలింపజేసి తప్పుడు దిశ చూపించవచ్చు. దిశను గుర్తించే సౌకర్యం ప్రమాణంలో ఐచ్ఛికమే కనుక, 5.1 అని రాసి ఉన్న ప్రతి చిప్‌లోనూ అది ఉండదు. కొనుగోలు నిబంధనల్లో దానిని విడిగా కోరవలసి ఉంటుంది.

సముద్రంలో పడిన మనిషిని వెతికే పని మాత్రం ఈ చిప్పులది కాదు. ఉప్పునీటిలో 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం కొద్ది సెంటీమీటర్లలోనే క్షీణిస్తుంది. అక్కడ అవసరమైనవి 406 మెగాహెర్ట్జ్‌పై ఉపగ్రహాలను చేరే ఆపద బీకన్లు. అవే 121.5 మెగాహెర్ట్జ్‌పై పంపే సంకేతం దిశను పట్టుకుని రక్షణ బృందాలు బాధితులను చేరుకుంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని తీర రక్షక దళ కేంద్రం ఈ ప్రాంతంలో గాలింపు, రక్షణ చర్యలను సమన్వయం చేస్తుంది.

అక్కడా బ్లూటూత్‌కు ఒక చిన్న పాత్ర ఉంది. మత్స్యకారుల కోసం ఇస్రో 2024 జనవరిలో ప్రకటించిన రెండో తరం ఆపద హెచ్చరిక పరికరం బ్లూటూత్ ద్వారా మొబైల్‌కు అనుసంధానమవుతుంది. హెచ్చరిక అందిందన్న సమాధానాన్ని, వాతావరణ సూచనలను స్థానిక భాషలో చదువుకోవచ్చు. దూరానికి ఉపగ్రహం, దగ్గరకు చిప్ అన్నదే ఇక్కడి పని విభజన.

ఫీనిక్స్ బేకు వర్తించే పాఠం కూడా అదే. చిప్ లెక్కను కచ్చితంగా తేల్చగలదు. ఆ లెక్క పరిమితిని దాటిన క్షణాన ఓడను కదలకుండా ఆపవలసింది మాత్రం జెట్టీ మీది అధికారే.