గృహిణీ విజ్ఞానము – కదలని చేయి

దరఖాస్తు సగము నింపునప్పటికి పొయ్యిమీది పాలు పొంగును. లేచిపోయి వచ్చి చూతుము గదా, వ్రాసినదంతయు మాయమై, మరల పాస్‌వర్డు నిమ్మని తెర యడుగుచుండును. ఇట్టి యనుభవము మన సోదరీమణులలో పెక్కురకు గలదు. మనము లేచిన సంగతి యా వెబ్ పుట కెట్లు తెలిసెను?

నిజమునకు దానికి తెలియదు. దానికి కన్నులు లేవు. 1995లో బ్రెండన్ ఐక్ రచించిన జావాస్క్రిప్టు భాషలో నొక గడియారమును పుటయం దమర్తురు. మౌసు కదలినను, మీట నొక్కినను, వ్రేలు తెరను తాకినను ఆ గడియారము మొదటినుండి లెక్కింప నారంభించును. లెక్క గడువును ముట్టెనా, "ఈమె యూరకున్నది" యని తీర్పు! అయితే మనము వేఱొక పుటను తెఱచినచో బ్రౌసరు దీని గడియారమును మందగింపజేయును. అందుచే నేర్పరులు కడపటి కదలిక జరిగిన వేళను గుర్తుంచుకొని, దానితో సరిచూచుకొందురు.

మాకు నచ్చనిది ఆ తీర్పులోని తొందర. నిబంధనలను శ్రద్ధతో చదువు స్త్రీ చేయి కదల్పదు. ఆధార్ కార్డుకై బీరువా వెదకునామెయు కదల్పదు. వీరు సోమరులా? యంత్రమునకు చేయి నిలిచినది తెలియును గాని, మనస్సు పనిలో నున్నది తెలియదు.

అట్లని బ్యాంకువారు తలుపు మూయుట తప్పనము. నలుగురు వాడు కంప్యూటరులో తెఱచి విడిచిన ఖాతా, వీధి తలుపు తీసియుంచిన యిల్లే. కాని చెప్పి మూయవలెను. వెబ్ పుటలు వికలాంగులకును అందుబాటులో నుండుటకై డబ్ల్యూ3సీ సంస్థ యేర్పఱచిన నియమములు దీనికొక మార్గమును చూపినవి: గడువు తీరకమున్నే హెచ్చరించి, సులభముగా పొడిగించుకొనుటకు కనీసము 20 సెకనులీయవలెను, అట్లు పదిమారులైనను పొడిగింపనీయవలెను.

2021లో క్రోమ్ బ్రౌసరున మఱియొక సాధనము వచ్చినది. ఇది పుటను దాటి, మనము కంప్యూటరునే వాడుచున్నామా, తెరకు తాళము పడినదా యని చెప్పును. మన దినచర్య దీనిచే బయటపడునని మొజిల్లావారు దీని నంగీకరింపలేదు, ఆపిల్‌వారును సమ్మతింపలేదు. మన యనుమతి లేనిదే యిది పనిచేయదు గనుక, అనుమతి కోరు చిన్న పెట్టె కనబడినపుడు చదువక "సరే" యని నొక్కవలదు. దీర్ఘమైన దరఖాస్తులకు కావలసిన కాగితములు ముందే ప్రక్కన బెట్టుకొని, పెద్ద జవాబులను వేఱుగా వ్రాసి దాచుకొని, పిమ్మట కూర్చుండుడు. పాలు దింపిన తరువాత.