వాన వెలిశాకే గోడకు గండం
ఏలూరు: కుండపోత వానకు తట్టుకున్న మట్టిగోడ, వెలిసిన మూడో నాడో నాలుగో నాడో ఎండలో కూలడం కొల్లేటి లంక గ్రామాల వారికి కొత్త కాదు. అడుగున నానిన మట్టి పైభారాన్ని మోయలేక జారుతుంది. ఎండ తగిలిన వైపు ముందుగా ఆరి బీటలు విచ్చుకుంటుంది. అప్పటికే నష్టం లెక్కలు ముగిస్తే ఆ ఇల్లు జాబితాకెక్కదు.

ఇక్కడ వరద వచ్చినంత వేగంగా పోదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి వాగుల నీరంతా కొల్లేటికి చేరినా, సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగి ఏలూరును వణికించింది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద చివరకు చేరిందీ కొల్లేటికే. రోజుల తరబడి గోడ పాదాన నిలిచే నీటితోనే అసలు ముప్పు.

ఎనిమిది వేలా.. లక్షా ఇరవై వేలా?

2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం నిబంధనల్లో, మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి, అది కచ్చా ఇల్లయినా సరే, రూ.1.20 లక్షలు. పాక్షికంగా దెబ్బతిన్న కచ్చా ఇంటికి రూ.4 వేలు. గుడిసెకు రూ.8 వేలు. కచ్చా ఇంటికన్నా నాసిగా, గడ్డి, మట్టి, ప్లాస్టిక్ పట్టాల వంటి వాటితో వేసుకున్న తాత్కాలిక నివాసమే గుడిసె అని అందులో నిర్వచించారు. ఆ 'మట్టి' అన్న మాట దగ్గరే చిక్కంతా. మూడు తరాలు కాపురమున్న మూరెడు మందం గోడల ఇల్లూ, నిరుడు వేసిన పాకా ఒకటేనా? ఏ గడిలో రాయాలన్నది లెక్క రాసే సిబ్బంది కలం మీదే ఆధారపడుతోంది.

చూరు తగ్గింది.. గోడ తడిసింది

పూర్వం తాటాకు చూరు ముందుకు సాగి అరుగును సైతం కప్పేది. ఆ అరుగే గోడ పాదానికి కాపు. రేకులు వచ్చాక చూరు జానెడుకు కుదించుకుపోయింది. రేకుల మీది ధార నేలను తాకి, చింది గోడ అడుగును తొలుస్తోంది. బలమని పూసే సిమెంటు మరో కీడు. పూత బీటల్లోంచి దూరిన నీరు బయటపడే దారిలేక లోపలి మట్టిని మెత్తబరుస్తుంది. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు పాత మట్టి ఇళ్లకూ ఇదే అనుభవం ఎదురైంది. అక్కడ మళ్లీ సున్నపు పూతను ఆశ్రయిస్తున్నారు. మన పెద్దలు వాడినదీ సున్నమే.

మట్టిలోనూ తేడా ఉంది. తాడేపల్లిగూడెం దాటి మెట్టవైపు వెళితే దొరికే ఎర్రమట్టి గోడకు అనువు. కొల్లేటి నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపి బాగా తొక్కి నానబెట్టాలి. కొంత సున్నం చేరిస్తే ఉబ్బు తగ్గుతుంది. ఏటా అలికే ఓపిక ఎవరికుందని ఇల్లాళ్లు అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

రెండడుగుల రాతి లేక ఇటుక పునాది, ముందుకు సాగిన చూరు, నీరు నిలవకుండా చిన్న కాలువ ఉంటే మామూలు వానలను గోడ తట్టుకుంటుంది. పునాదిని దాటి నిలిచే వరదకు మాత్రం ఇవేవీ చాలవు. కనుక నీరు తీసిన వారానికి రెవెన్యూ సిబ్బంది మరోమారు వచ్చి, తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో, గోడ ఎటు ఒరిగిందో చూసి రాసుకోవాలి. ఈలోగా ఇంటివారు తేదీ కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ఒరిగిన గోడ పక్కన ఎవరూ పడుకోరాదు.