బార్‌లో మైకు నీ చేతికొస్తే

హైదరాబాద్‌లోనో విశాఖలోనో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు ఈ మధ్య ఒక ప్రశ్న అడుగుతున్నారు. "బార్‌లో ఓపెన్ మైక్ పెడతారంట, పేరిస్తే ఐదు నిమిషాలు కామెడీ చెప్పనిస్తారంట, వెళ్లొచ్చా?" గూడెంలో పెద్దలకి ఈ మాట చెప్తే వాళ్లకి వినపడేది ఒక్కటే ముక్క: బార్. వాళ్ల భయం ఊరికే వచ్చింది కాదు. సారా అప్పు ఇచ్చి, ఆ అప్పు కింద భూమి లాక్కున్న షావుకార్ల సంగతి తెలిసిన తరం అది. అయినా మా మాట ఒకటే, తమ్ముడూ, చెల్లీ: వెళ్లు. గ్లాసు కోసం వద్దు, మైకు కోసం వెళ్లు. కానీ ఆ గదిలో నవ్వు ఎవరి మీద పడుతుందో చూసుకుని వెళ్లు.

ముందు ఆ గది సంగతి. ఓపెన్ మైక్‌లో మామూలుగా బహుమతులుండవు, చాలాచోట్ల డబ్బులూ ఇవ్వరు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫారం నింపాలి, లేదంటే ముందుగా వెళ్లి నడిపేవాళ్ల దగ్గర పేరు రాయించుకోవాలి. నాలుగైదు నిమిషాలు ఇస్తారు. టైం అయిపోవస్తుంటే వెనకనుంచి ఫోన్ టార్చ్ వెలిగించి చూపిస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామంది తమ వంతు కోసం ఎదురుచూసే కమెడియన్లే. నీ మాట సగం వింటూ, మనసులో తమ జోకులు వల్లె వేసుకుంటుంటారు. మిగతావాళ్లు బీరు తాగడానికి వచ్చినవాళ్లు. వెనక టీవీలో క్రికెట్ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. సరిగ్గా నీ పంచ్ దగ్గరే మిక్సీలో ఐస్ ఆడిస్తారు.

ఇది అందరికీ జరిగేదే. మొదటి కొన్నిసార్లు ఎవరూ నవ్వకపోవచ్చు కూడా. అయితే మన పిల్లలకి ఇక్కడ ఒక అదనపు చిక్కుంది. ఎవరూ నవ్వకపోతే మిగతావాళ్లు "జోకు పేలలేదు" అనుకుని ఇంటికి పోతారు. మనవాళ్లు మాత్రం "నా యాస బాలేదు, నా మొహం బాలేదు" అనుకుంటారు. దీనికి మందు ఫోన్. ప్రతిసారీ రికార్డు చేసుకో, మర్నాడు విను. పంచ్ రాకముందే గొంతు తగ్గించేశావా, కథ మూడు నిమిషాలు సాగిందా అన్నది అందులో తెలుస్తుంది. అవి దిద్దుకోగలిగేవి.

ఇంకో సంగతి: రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదు. వయసు చాలనివాళ్లని కొన్ని బార్లు లోపలికే రానివ్వవు. అలాంటప్పుడు కేఫ్‌లలో జరిగేవి చూసుకో. హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారో, ఆఖరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కో. ఒక్కదానివే వెళ్లకు చెల్లీ, తోడు తీసుకెళ్లు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నువ్వు స్టేజీ ఎక్కకముందే ఆ గదిలో నీ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని సినిమా తయారుచేసింది, టీవీ స్కిట్లు రంగులేశాయి. నెత్తిన ఈకలు, నడుముకి ఆకులు, సోది చెప్పే "కోయదొర", అర్థంపర్థం లేని కూతలు. 2015లో వచ్చిన బాహుబలిలో కాలకేయుల కోసం కిలికి అని ఒక కొత్త భాషనే పుట్టించారు. గోండి, కోయ, కువి, సవర మాటలు తెలుగు తెర మీద ఎప్పుడో గానీ వినపడవు. లేని భాషకి మాత్రం వందల మాటలు, వ్యాకరణం కూడా దొరికాయి! (ఇది నువ్వు జోకుగా వాడుకుంటానంటే మాకు అభ్యంతరం లేదు.)

అందుకే నీకు ఆ గదిలో ఒక సులువైన నవ్వు సిద్ధంగా ఉంటుంది. మైకు పట్టుకుని "నేను అడవి నుంచి వచ్చాను" అని ఒక కూత కూశావంటే పది సెకన్లలో గది ఊగిపోతుంది. ఆ నవ్వు నీ జోకుకి పడింది అనుకోకు. వాళ్లు దాన్ని ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నారు, నువ్వు తలుపు తీశావంతే. ఒకసారి ఆ రుచి మరిగితే వదలడం కష్టం. వచ్చేవారం ఇంకొంచెం గట్టిగా కూయాల్సి వస్తుంది. పక్కనే ఉన్న ఇంకో ఆదివాసీ పిల్లాడు రేపు ఆఫీసులో ఆ కూతనే వినాల్సి వస్తుంది.

మన గూడేల్లో హాస్యానికి వరస ఉంటుంది, నీకు తెలుసు. బావామరదళ్లు ఎంత మాటైనా అనుకోవచ్చు, పడ్డవాళ్లు నవ్వాలి తప్ప అలగకూడదు. అదే మాట అత్తమామల ముందు అంటే తప్పు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త 1940లో ఇలాంటి పరాచకాల వరసల మీద పెద్ద వ్యాసమే రాశాడు. మన అవ్వలు ఆ వ్యాసం చదవకుండానే పాటిస్తున్నారు. ఆదిలాబాద్ గోండుల దండారిలో గుస్సాడీలతో పాటు ఆడవేషం కట్టిన కుర్రాళ్లు కూడా ఊరూరా తిరిగి ఆడతారు, నవ్విస్తారు. అంటే మనకి ఎదుటిమనిషిని నవ్వించడం కొత్త కాదు. బార్ మాత్రం కొత్త, ఎందుకంటే అక్కడ ఎవరూ నీకు వరస కారు. ఎవరిని ఆటపట్టించవచ్చో, ఎవరిని కూడదో చెప్పే పెద్దమనిషి అక్కడ ఉండడు. ఆ వరస నువ్వే కలుపుకోవాలి.

ఎవరితో కలుపుతావు? ఎండుకట్టెల మోపు పట్టుకుని కేసు రాసే ఫారెస్టు గార్డుతో కలుపు. అరకు వచ్చి ధింసా మధ్యలో దూరి సెల్ఫీ దిగే టూరిస్టుతో కలుపు. 1/70 చట్టం ఉన్న ఊళ్లో సెంటర్‌లో వరసగా మేడలు కట్టి, "ఇది మా పనిమనిషి పేరు మీద ఉంది" అనే సేటుతో కలుపు. ఇప్పపువ్వు సంగతి చూడు: బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో ఆ పువ్వు దగ్గరుంచుకోవడం మీదే ఆంక్షలు పెట్టారు. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాని "హెరిటేజ్" మద్యంగా అమ్మనిస్తామంది. తాత కాస్తే కేసు, సీసాకి లేబుల్ వేస్తే వారసత్వం. బార్‌లో నిలబడి చెప్పడానికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడుంది?

అమెరికాలో చార్లీ హిల్ అనే కమెడియన్ ఉండేవాడు. ఒనైడా జాతి మనిషి, విస్కాన్సిన్‌లో వాళ్ల రిజర్వేషన్‌లో పెరిగాడు. 1977లో నల్లజాతి కమెడియన్ రిచర్డ్ ప్రయర్ తన టీవీ షోలో అతనికి స్టేజీ ఇచ్చాడు. ఒనైడాల సొంత నేల న్యూయార్క్. అక్కడి భూములు పోయి చాలామంది విస్కాన్సిన్ చేరారు. అంత చరిత్రని హిల్ ఏదో చిన్న రియల్ ఎస్టేట్ తకరారు అన్నట్టు తేల్చేసేవాడు. ముందు గది నవ్వుతుంది, ఆ తర్వాత ఎవరి భూమి మీద కూర్చుని నవ్వుతున్నామో తడుతుంది. మనకి అలాంటివి కరువా? 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. "మేం ఊరు దాటలేదు సార్, రాష్ట్రమే మమ్మల్ని దాటిపోయింది" అని ఆ మండలం పిల్ల స్టేజీ మీద అంటే, దాని వెనక ఉపన్యాసం అక్కర్లేదు.

భాష గురించి ఒక్క మాట. ఇంగ్లిషు, హిందీ రాకపోతే తెలుగులో జరిగే మైకులు చూసుకో. నీ ఊరి తెలుగులోనే మాట్లాడు. మధ్యలో ఒక ముక్క గోండిలోనో కోయలోనో అని, అర్థం చెప్పకుండా ముందుకెళ్లిపో. ఒక్క క్షణం ఆ గది మొత్తం భాష రానివాళ్లయిపోతుంది. మనం బళ్లో మొదటిరోజు ఎలా కూర్చున్నామో వాళ్లకి కొంచెం తెలుస్తుంది.

ఎవరైనా కావాలని పదిమందిలో కులం, తెగ పేరుతో దూషిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కానీ ప్రతి చెత్త జోకుకీ దాన్ని బయటికి తీయకు. చేతిలో మైకు ఉన్నవాడి మొదటి జవాబు మైకులోనే ఉండాలి. కేసులు మన మీదకి కూడా వస్తాయని గుర్తుంచుకో. 2021 జనవరి 1న ఇండోర్‌లో మునవ్వర్ ఫారుఖీ అనే కమెడియన్‌ని అరెస్టు చేస్తే, బెయిల్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఫిబ్రవరి 5న గానీ అది దొరకలేదు. అతనికి దేశమంతా పేరుంది. నీకు అంత పేరు వచ్చేదాకా, ప్రతి వీడియోనీ ఆ రాత్రే అప్‌లోడ్ చేయాలన్న తొందర వద్దు.

జోకులు రాసుకున్నాక ముందు హాస్టల్ గదిలో మనవాళ్ల ముందు చెప్పు. వాళ్లు నవ్వే చోటు ఒకటుంటుంది, బార్‌లో నవ్వే చోటు ఇంకొకటి. రెండూ కాగితం మీద గుర్తుపెట్టుకో. రెండు చోట్లా నవ్వు పడినది ఒక్కటి దొరికినా, దాన్ని ఆఖరికి ఉంచు. వెనక టార్చ్ వెలిగాక చెప్పాల్సింది అదే.