పిల్లులూ కుక్కల వాన – మన గడ్డి కప్పు



ఇంగ్లీషు జాతీయాల్లో మనందరి నోటికీ వచ్చినది ఒకటుంది. అదే ‘ఇట్ ఈజ్ రైనింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’. కుండపోతగా వాన కురుస్తోందని దాని అర్థం. మాటకు మాట తెలుగులో పెడితే ‘పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి’ అని వస్తుంది. క్లాసులో అందరం పగలబడి నవ్వుతాం. నవ్వండి, తప్పులేదు. కానీ ఆ మాట ఎలా పుట్టిందో చెప్పే కథ ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఊరికే నమ్మొద్దని నా అభిప్రాయం.

ఆ కథ ఇది. పూర్వం ఇంగ్లండులో పూరిళ్ళు ఉండేవట. చలికి కుక్కలు, పిల్లులు గడ్డి కప్పులో దూరి పడుకొనేవట. పెద్ద వాన పడితే గడ్డి తడిసి, అవి జర్రున జారి కింద పడేవట. అందుకే ఆ మాట వచ్చిందట! 1999లో ఈ-మెయిల్ ద్వారా దేశదేశాలు తిరిగిన కథ ఇది. ఇప్పటికీ చాలామంది నిజమనుకొని చెబుతున్నారు.

మిత్రులారా, గడ్డి ఇల్లు చూడనివాళ్ళు ఈ కథ నమ్మితే నమ్మొచ్చు. మనమెలా నమ్ముతాం? ఇప్పుడు రేకులు, స్లాబులు వచ్చాయి గాని, మనలో ఎంతోమందికి పశువుల పాకైనా గడ్డిదే. కప్పు వేసేటప్పుడు పెద్దవాళ్ళకు గడ్డి కట్టలు అందించిన చేతులు మనవి. గడ్డిని ఒత్తుగా, వాలుగా కప్పేదే నీళ్ళు లోపలికి దిగకుండా జారిపోవాలని. అందులో ఎలుక దూరుతుంది, పిచ్చుక గూడు పెడుతుంది. ఎలుక కోసం పిల్లి కూడా ఎక్కుతుంది, ఒప్పుకుంటాను. మరి కుక్క ఎక్కుతుందా? వాన మొదలైతే కుక్క చూరు కిందికో, పొయ్యి దగ్గరికో వస్తుంది గాని ఇంటి మీదికి పోదు. ఇది తెలియడానికి ఏ డిక్షనరీ అక్కర్లేదు.

పుస్తకాల సాక్ష్యమూ మనవైపే ఉంది. 1651లో అచ్చయిన హెన్రీ వాన్ అనే కవి పుస్తకంలో ఈ మాట కనిపిస్తుంది. వానగా కురిసే కుక్కల నుంచీ పిల్లుల నుంచీ తమ సరుకును కాపాడే కప్పు ఉంటే బాగుండునని తిరుగుడు వర్తకులు కోరుకోవడం అందులోని సంగతి. చూశారా! అక్కడ కప్పు కాపాడేది, కుక్కల్ని కింద పడేసేది కాదు. 1738లో జొనాథన్ స్విఫ్ట్, అదే మన గలివర్ కథ రాసినాయన, గొప్పింటివాళ్ళ అరిగిపోయిన మాటల్ని వెక్కిరిస్తూ వేసిన పుస్తకంలోనూ ఇది ఉంది. అంటే అప్పటికే అందరి నోళ్ళలో నానిన మాటన్నమాట. అసలు పుట్టుక ఏమిటో భాషా పండితులు ఇంతవరకూ తేల్చలేదు. తేలనిదాన్ని తేలలేదని చెప్పడమే న్యాయం. కట్టుకథతో పూడ్చడం కాదు.

నిజానికి ఇందులో వింతేమీ లేదు. వేల్స్ వాళ్ళు ముసలమ్మలూ కర్రలూ కురుస్తున్నాయంటారు. ఫ్రెంచివాళ్ళు తాళ్ళు కురుస్తున్నాయంటారు. మనం కుండపోత అంటాం. ఆకాశంలో ఎవరో కుండ పట్టుకొని కూర్చున్నారా? పెద్ద వాన చూసిన మనిషి ఏ భాషవాడైనా ఇలాగే అంటాడు.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే, జాతీయాన్ని నేర్చుకోండి, పరీక్షలో రాయండి. కానీ దాని వెనక చెప్పిన కథను బట్టీ పట్టొద్దు. అచ్చులో ఉందనీ, ఇంగ్లీషులో ఉందనీ తలూపొద్దు. మన ఊళ్ళో, మన ఇంట్లో కళ్ళారా చూసి తెలుసుకున్నది కూడా చదువే. దానితో ఇంగ్లీషు కథనైనా నిలదీయొచ్చు.

చివరగా ఒక పని. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెద్ద వానను మీ ఇంటి భాషలో ఏమంటారో అవ్వనడగండి. కోయ గాని, గోండి గాని, కువి గాని, సవర గాని, ఏదైనా సరే. రాసుకొచ్చి ఈ గోడమీదే అంటించండి. అందరం చదువుతాం.

– పదో తరగతి విద్యార్థి