లాఠీయు న్యాయదండమును

దండమను పదమునకు మన భాషలో రెండర్థములు గలవు. ఒకటి చేతికఱ్ఱ, రెండవది శిక్షాధికారము. మొదటిది రెండవదానికి లోబడియున్నంత కాలమే రాజ్యమునకు గౌరవము. విశాఖపట్టణపు రాజమార్గమున ఈ రెంటికిని గల భేదము మాసిపోయిన దినమొకటి 2020వ సంవత్సరమున సంభవించినది. దానిని మనము మఱువరాదు.

ఆ సంవత్సరము మే 16వ తేదీన అక్కయ్యపాలెముకడ జాతీయరహదారిపై డాక్టరు సుధాకర్ చేతులను వెనుకకు విఱిచి, త్రాటితో గట్టి, చొక్కాయైనలేని యాయనను పోలీసులు నడివీథిలో నీడ్చిరి. ఆయన నర్సీపట్నము ప్రభుత్వ వైద్యశాలలో మత్తువైద్యుడు. మహమ్మారి వేళ ముఖకవచములు చాలవని బహిరంగముగ బలికిన పిమ్మట అంతకు ముందు నెలలోనే సస్పెండు చేయబడియుండెను. ఆయన మద్యము సేవించి అల్లరి చేయుచుండెనని పోలీసులు చెప్పిరి. లాఠీతో గొట్టిన కానిస్టేబులును పై యధికారులే సస్పెండు చేసిరి. మే 22వ తేదీన హైకోర్టు విచారణభారమును సి.బి.ఐ.కి అప్పగించినది. మరుసటి సంవత్సరము మే నెలలో ఆయన గుండెపోటుచే గతించెను.

పోలీసుల యారోపణ యథార్థమే యనుకొందము. అంతమాత్రమున లాఠీకి అధికారము వచ్చునా? 1988 నాటి మోటారు వాహనముల చట్టము త్రాగి బండి నడపుటను నేరముగ జెప్పినది. నూఱు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండరాదని కొలత నిర్ణయించినది. శ్వాసపరీక్షకును రక్తపరీక్షకును మార్గము జూపినది. శిక్ష విధించుట న్యాయాధిపతి పని. పట్టుబడినవానిని పాఱిపోకుండ నాపుటకు వలసినంతకు మించి బంధింపరాదని 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు శాసించినది. 2024 జూలైలో అమలునకు వచ్చిన క్రొత్త సంహితయు నామాటనే నిలుపుకొన్నది. బాటప్రక్క పడెడి లాఠీదెబ్బ, విచారణలేని తీర్పు, తీర్పులేని శిక్ష.

ఇట్టి దెబ్బలు లారీవానికిని ఆటోవానికిని గాక తమకేల తగులునని భూస్వాములును పట్టణపు పెద్దలును తలంపవచ్చును. చదువును ఉద్యోగమును గల వైద్యునకే యా గతి పట్టినప్పుడు, రేవునుండి సరకు నెత్తుకొని అర్ధరాత్రమున గాజువాక దాటు పేరులేని చోదకుని గతి యేమి? కాగితములన్నియు సరిగనున్నను, చేయెత్తిన పోలీసును జూడగనే వాని గుండె ఝల్లుమనును. ఆ భయము నేరమునకు సాక్ష్యము కాదు, పూర్వానుభవమునకు సాక్ష్యము. భయపడినవాడు బండి నాపుటకు మాఱుగ వేగము పెంచును. అందువలన చోదకునకును, ఆపబోయిన పోలీసునకును, దారిని బోవువానికిని ముప్పే. రహదారి భద్రతకై చేయు తనిఖీయే రహదారికి ప్రమాదహేతు వగుట యెంత విపరీతము!

ఈ రోగము నేటిది కాదు. శిస్తువసూలునకై రైతులను హింసించుచున్నారన్న ఫిర్యాదులపై చెన్నరాజధానిలో నియమింపబడిన కమీషను 1855లోనే తన నివేదికను సమర్పించి, హింస నిజమని యొప్పుకొన్నది. నాడు మన విశాఖజిల్లాయు నా రాజధానిలోనిదే. పరప్రభుత్వపు బంట్రోతు చేతికఱ్ఱను స్వతంత్ర ప్రజాప్రభుత్వము వారసత్వముగ స్వీకరింపవలయునా?

పోలీసుల కష్టము మే మెఱుగక పోలేదు. ఎండలో, ఉక్కునగరపు ధూళిలో, లారీల పొగలో గంటలకొలది నిలువబడు కానిస్టేబులు సుఖజీవి కాడు. త్రాగి నడపువానిని ఆపుటచే ఆతడు ప్రాణములు గాపాడుచున్నాడు. కాని ఆ సేవకు గౌరవము దెచ్చునది నిగ్రహమే.

కావలసినవి గొప్ప సంస్కరణములు గావు. తనిఖీ చేయువాని దుస్తులపై పేరు స్పష్టముగ గనబడవలయును. జరుగు సంభాషణము కెమెరాలో నమోదు కావలయును. లాఠీ తనిఖీ సాధనము కారాదు. పోలీసులపై ఫిర్యాదులు వినుటకు ప్రతి రాష్ట్రమునను ప్రతి జిల్లాయందును ప్రత్యేకసంస్థ యుండవలయునని సుప్రీముకోర్టు 2006లోనే ఆదేశించినది. దాని ద్వారము లారీచోదకునకును తెఱచియుండవలయును. ఫిర్యాదు చేసినవానిని మఱునాటి తనిఖీలో పగదీర్చుకొనరాదు.

చట్టమునకు జడిసి బండి నాపుట పౌరధర్మము. దెబ్బకు జడిసి యాపుట దాస్యలక్షణము. విశాఖ రహదారిపై చేయెత్తిన పోలీసును జూచి చోదకుడు నిశ్చింతగ బండి నిలుపగలిగిన నాడే స్వరాజ్యము బాటమీదికి వచ్చినదని చెప్పుకొనగలము.